వెనక్కొచ్చిన పంపు

మధ్యాహ్నం పూట స్పేర్ పార్టుల దుకాణంలో బేరాలు తక్కువ. గాజు బల్ల వెనక కూర్చున్న ఆవిడ, ఎదురుగా నిలబడ్డ మనిషి గుడ్డలో చుట్టి తెచ్చిన పాత పెట్రోలు పంపును అటూ ఇటూ తిప్పి చూసి, పెదవి విరిచింది.

“దీని పని అయిపోయిందండీ. ఏ ఏడు మోడలు బండి?”

“మా నాన్న కొన్నది. అప్పటికి నా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు,” అన్నాడు చంటి.

చంటి అంటే చిన్నపిల్లాడు కాదు. యాభై దాటిన మనిషి. బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది, తల సగం నెరిసింది. అయినా ఇంటా బయటా చంటే. ఆ పేరు పెట్టింది వాళ్ళక్క. అమ్మ పోయాక చంకనేసుకుని పెంచింది ఆవిడే కాబట్టి, ఆ పేరు మార్చే హక్కు ఇంకెవరికీ లేకుండా పోయింది.

ఆ అక్కకే ఇప్పుడు కంటి ఆపరేషన్. ఒక కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన కంటికి శుక్లం ముదిరి, మనుషులు మసగ్గా కదిలే రంగుల్లా తప్ప కనిపించడం లేదు. ఆసుపత్రి పక్క ఊళ్ళో ఉంది. బావకు మోకాళ్ళు సహకరించవు, గేటు దాటాలంటేనే ఆయాసం. టాక్సీ మాట్లాడదామన్నాడాయన.

“నాన్న కారుండగా టాక్సీ ఏమిటి బావా? నేను లేనూ?” అన్నాడు చంటి.

చంటి మాటలు కోటలు దాటుతాయని బావకు తెలుసు. ఇల్లు మారేరోజు లారీ తెస్తానని వెళ్ళి, పొద్దుగూకే వేళకు తోపుడు బండితో తిరిగొచ్చిన ఘనుడు మరి. బావ ఊరికే నవ్వాడు. ఆ నవ్వు చంటికి ముల్లులా దిగబడింది.

తీరా షెడ్డులో కారు తీయబోతే స్టార్టు కాలేదు. పంపు పోయిందన్నాడు మెకానిక్. ఆపరేషన్ ఎల్లుండి.

కళ్ళ ఆసుపత్రికి వెళ్ళాలని చంటి చెప్పాక, దుకాణం ఆవిడ రెండు డబ్బాలు బల్ల మీద పెట్టింది.

“ఇది ట్యాంకులో మునిగి ఉండే రకమండీ. ఏది పడితే అది పెడితే కుదరదు. ఒత్తిడి సరిపోవాలి, ఎత్తు సరిపోవాలి, ఈ వైర్ల మూతి సరిపోవాలి. ఈ తెల్ల డబ్బాది నకిలీ. ఊళ్ళో తిరగడానికి చాలు. దూరం పోతే వేడెక్కి ఆగిపోతుంది. కళ్ళ ఆసుపత్రికంటున్నారు, నేనైతే ఇవ్వను. నీలం డబ్బాది కంపెనీది. కానీ ఇది ఉత్త డబ్బానే, సరుకు తెప్పించాలి. వారం పైమాటే.”

“వారమా! ఎల్లుండికి కావాలండీ.”

“అయితే టాక్సీ మాట్లాడుకోండి.”

మళ్ళీ అదే మాట. చంటి చెవులు వేడెక్కాయి. అప్పుడు కనిపించింది అతనికి, ఆవిడ వెనక పై అరలో, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఇంకో పంపు. అచ్చం తనదానిలాగే ఉంది.

“అదేమిటి?”

“అది అమ్మకానికి కాదు. కొలతలు చూసుకోవడానికి ఉంచుకున్నాను.”

“కంపెనీదేగా?”

“కంపెనీదే. పాత బండిలోంచి తీసింది. ఆ బండి కోసం ఎవరూ రాలేదు, ముక్కలుగా అమ్మేశారు.” ఆవిడ అటు చూడకుండానే చెప్పింది. “రెండుసార్లు ఇచ్చాను. రెండుసార్లూ వెనక్కొచ్చింది.”

“పని చెయ్యలేదా?”

“బాగానే చేసిందట. శబ్దం నచ్చలేదన్నారు.”

చంటి నవ్వేశాడు. “శబ్దానిదేముందండీ! రేడియో పెట్టుకుంటే సరి.”

ఆవిడ వద్దంది. చంటి వదల్లేదు. అక్క కన్ను సంగతి చెప్పాడు, అమ్మలేనితనాన్ని చెప్పాడు, చివరికి గొంతు కాస్త గద్గదం కూడా చేశాడు. ఆవిడ విసిగిపోయి స్టూలెక్కి కవరు కిందికి తీసింది. చేతిలో పెడుతూ మాత్రం ఒక మాట అంది.

“పని కాగానే తీయించెయ్యండి. మళ్ళీ నా దగ్గరికి తేవద్దు.”

*

ఆ కారులో పంపు వెనక సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తి, గుండ్రటి మూత విప్పి, ట్యాంకులోకి దించాలి. మెకానిక్ దించాడు. మూత బిగించి తాళం తిప్పాడు.

మామూలుగా తాళం తిప్పగానే పంపు జుమ్మని కాసేపు మోగి ఆగిపోతుంది. ఇదీ మోగింది, ఆగింది. ఆగాక కొంచెం ఎడమిచ్చి మళ్ళీ మోగింది. సన్నగా. ఎవరో గొంతు సవరించుకున్నట్టు.

మెకానిక్ తల గోక్కున్నాడు. “కొత్త చోటు కదా. సర్దుకుంటుందిలెండి.”

ఆపరేషన్ రోజున పోయేటప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. బండి వెన్నలా సాగింది. గేటు దగ్గర నిలబడ్డ బావ వైపు చంటి గెలిచినవాడిలా చెయ్యి ఊపాడు.

తిరుగు ప్రయాణంలో మబ్బు పట్టింది. సాయంత్రం కాకుండానే చీకటి కమ్ముకొచ్చింది. కంటికి తెల్లటి కట్టుతో అక్క వెనక సీటులో తల వాల్చి కూర్చుంది. రేపు పొద్దున మళ్ళీ తీసుకొస్తే కట్టు విప్పుతామన్నారు డాక్టరు. మత్తు పూర్తిగా దిగలేదేమో, ఆవిడ మాట ముద్దగా వస్తోంది.

“ఏం పాట్రా అది?”

“ఏ పాటక్కా?”

“ఇందాకట్నుంచీ కూనిరాగం తీస్తున్నావుగా.”

చంటి చెవి పెట్టాడు. ఇంజను చప్పుడు అడుగున ఏదో ఉంది. పాట కాదు. పాట నేర్చుకుంటున్నవాళ్ళు తడుముకుంటున్నట్టుగా ఉంది. పాత పంపు మోత అని చెబితే ఆ మాట బావ దాకా పోతుంది. వాడిన సరుకు పెట్టించావా అంటాడాయన.

“ఆఁ… నేనేలే. ఏదో పాతది,” అన్నాడు.

“చిన్నప్పుడూ అంతే. భయమేస్తే కూనిరాగం తీసేవాడివి,” అని అక్క నిద్రలోకి జారుకుంది.

రోడ్డు రెండు గుట్టల మధ్యకు వచ్చేసరికి వాన విరుచుకుపడింది. ఎదురుగా బానెట్టు కూడా సరిగ్గా కనిపించడం లేదు. అప్పుడు బండి ఒక్కసారి వెక్కింది… రెండోసారి… పక్కకు లాగి ఆపేలోగా ఇంజను దానంతటదే ఆగిపోయింది.

తాళం తిప్పాడు. పంపు మోగలేదు. మళ్ళీ తిప్పాడు. నిశ్శబ్దం. ఫోనులో సిగ్నలు లేదు. కారు పైకప్పు మీద వాన, లోపల పాత సీట్ల ముక్కిన వాసన, దాని మీద పలచగా పెట్రోలు వాసన.

“ఏమైందిరా?” అంది అక్క సగం నిద్రలో.

“భయం లేదక్కా. నేనున్నాగా. పడుకో.”

తాళం బయటికి లాగి జేబులో వేసుకున్నాడు. వాన కాస్త తగ్గాక దిగి చూద్దామనుకున్నాడు.

జుమ్…

చంటి చెయ్యి జేబు మీదకు పోయింది. తాళం జేబులోనే ఉంది.

జుమ్… జుమ్మ్…

వెనక సీటు కింద నుంచి. తాళం లేకుండా పంపుకు కరెంటు రాదు. అంతమాత్రం చంటికి తెలుసు. ఆ మోత ఆగి ఆగి వస్తోంది. ఎక్కుతోంది, దిగుతోంది. దాని నడక అతనికి ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో ఏమిటి… ఇప్పుడే. ఈ కారులోనే.

భ…యం… లే…ద…క్కా…

మాట కాదది. మాట అచ్చులో పోసిన మోత. కానీ రెండోసారి వచ్చినప్పుడు కాస్త నునుపు తేలింది. మూడోసారి ఇంకాస్త.

“నేనున్నాగా…”

ఆ గొంతు తనది.

అక్కను ఎత్తుకుని పోవాలనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. ఆ మాట తర్వాత తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. దిగాడు. వానలో తడుస్తూ చుట్టూ తిరిగి వెనక తలుపు తెరిచాడు. అక్క ఆ చివర కిటికీకి తల ఆనించి ఉంది. ఆవిడ పక్కన సీటు ఖాళీగా ఉంది.

చూస్తుండగానే ఆ ఖాళీ సీటు మెల్లిగా కుంగింది.

స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఎవరో జాగ్రత్తగా, పక్కవాళ్ళకు నిద్రాభంగం కాకుండా కూర్చున్నట్టు… మెత్త మీద గుంట పడింది. ఆ గుంట అక్క వైపు కొంచెం జరిగింది.

చంటి పరుగెత్తాడు.

తలుపు వెయ్యలేదు. అక్కను పిలవలేదు. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. గుట్ట దాటి, మలుపు దాటి, దూరంగా పెట్రోలు బంకు దీపాలు కనిపించేదాకా వెనక్కి తిరగలేదు.

*

బంకులో ఉన్నాయన మంచివాడు. తువ్వాలు ఇచ్చాడు, వేడి టీ పోశాడు.

“బండి ఎక్కడ ఆగింది?”

“గుట్టల మధ్య.”

“బండిలో ఇంకెవరైనా ఉన్నారా?”

గ్లాసు చంటి పెదవుల దాకా వచ్చి ఆగింది. ఉన్నారంటే ఎవరంటాడు. అక్క అంటే, ఒక్కదాన్నే వదిలి ఎలా వచ్చావంటాడు. కంటికి కట్టు కట్టుకుని ఉందంటే ఇంకేమంటాడో!

“లేరు,” అన్నాడు.

ఆ మాట అనేశాక ఇక అక్కడ నుంచి లేవడానికి లేకుండా పోయింది. ఎవరూ లేని బండి కోసం వానలో పరుగెత్తేవాడు ఉండడు కదా! కూర్చున్నాడు. టీ తాగాడు. బంకాయన పెట్రోలు నాణ్యత గురించి ఏదో చెబుతుంటే తల ఊపాడు. తనను చంకనేసుకుని పెంచిన మనిషి అక్కడ, ఆ గుంట పక్కన ఉందని తెలిసీ తల ఊపాడు. వాన సన్నబడేదాకా అలాగే కూర్చున్నాడు.

తర్వాత బంకాయన తన స్కూటరు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. మలుపు తిరగ్గానే కారు కనిపించింది. ఆయన వేగం తగ్గించాడు.

“ఎవరూ లేరన్నారు?”

చంటి ఆయన వీపు వెనక తల దాచుకున్నాడు.

“వెనక సీట్లో ఇద్దరు కూర్చున్నారే!”

చంటి తల ఎత్తలేదు. స్కూటరు కారు పక్కన ఆగాకే చూశాడు. తను తెరిచి వదిలేసిన తలుపు వేసి ఉంది. లోపల అక్క ఒక్కతే. బంకాయన ఆవిడ కంటి కట్టును చూశాడు. చంటిని చూశాడు. ఒక్క మాట కూడా అనకుండా స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది చంటికి.

తలుపు తీశాడు. అక్క అరచెయ్యి పైకి తెరిచి సీటు మీద పెట్టి ఉంది.

“చెయ్యి తీసేశావేంట్రా?” అంది.

చంటి తన చేతివంక చూసుకున్నాడు.

“వానలో తడిసినట్టున్నావు. ఎంత చల్లగా ఉందిరా నీ చెయ్యి! అయినా నువ్వు పక్కన కూర్చున్నావు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ఉరుములకి నా గుండె ఆగిపోయేది.”

ఇదే సమయం. చెప్పెయ్యాల్సింది ఇప్పుడే. నేను పారిపోయానక్కా, నిన్ను వదిలేసి పారిపోయాను అని… నోరు తెరిచాడు.

“నేను కాక ఎవరుంటారక్కా,” అన్నాడు.

తాళం పెట్టి తిప్పగానే బండి స్టార్టయింది. దారి పొడుగునా కింద నుంచి ఏ చప్పుడూ రాలేదు. దానికిక నేర్చుకోవాల్సింది ఏమీ లేనట్టు.

*

ఇంటికి చేరగానే అక్క బావకు అంతా చెప్పింది. బండి ఆగడం, ఉరుములు, తమ్ముడు వాన వెలిసేదాకా చెయ్యి వదలకుండా కూర్చోవడం. బావ నవ్వలేదు. మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చి చంటి భుజం మీద చెయ్యి వేశాడు.

“నిన్ను తక్కువ అంచనా వేశానయ్యా. మనసులో పెట్టుకోకు,” అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇన్నేళ్ళూ చంటి ఎదురుచూసిన మాట అది. వింటుంటే పేడలో ముంచిన చెప్పుతో కొట్టినట్టుంది.

వెళ్ళబోతుంటే అక్క దగ్గరికి పిలిచింది. గొంతు తగ్గించింది.

“నువ్వు కారులో అడిగినదానికి నేను సరే అన్నాగా. ఇక నిశ్చింతగా పో.”

ఏమడిగాను? ఏమడిగానక్కా నేను? ఆ ప్రశ్న గొంతు దాకా వచ్చింది. అడిగితే మాత్రం అక్కడ కూర్చున్నది తను కాదని తెలిసిపోతుంది. బావ ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

“అలాగేనక్కా,” అన్నాడు.

అడగలేకపోయాడు. పొద్దున్నే వచ్చి చెబుతాననుకున్నాడు. పొద్దున టాక్సీ కూడా తనే పిలుస్తాను, ఆ కారులో మాత్రం అక్కను ఎక్కించను అనుకున్నాడు. సిగ్గుపడ్డవాడికి రేపు అనే మాట పెద్ద దిక్కు.

తెల్లవారగానే ముందు కారును మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్ళాడు. సీటు ఎత్తించాడు. మూత విప్పి పంపు పైకి తీస్తూ మెకానిక్ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“కాలిందా?”

“కాలడం కాదండీ… పెట్రోలులో మునిగి ఉండేది చల్లగా ఉండాలిగా? చూడండి. వెచ్చగా ఉంది. మనిషి ఒంటిలాగా.”

చంటి ముట్టుకోలేదు. పంపును రేకు పళ్ళెంలో పెట్టించాడు. ట్యాంకు నోటికి గుడ్డ కుక్కి ఉంది. సీటు బయట గోడకు ఆనించి ఉంది. బండి ఇక అంగుళం కూడా కదలదు. అప్పుడు కాస్త ధైర్యం వచ్చి అక్క నంబరుకు ఫోన్ చేశాడు. బావ ఎత్తాడు.

“ఏం చంటీ, ఎప్పుడు చేరారు?”

“ఎక్కడికి బావా?”

“ఆసుపత్రికయ్యా. అక్క ఫోను ఇక్కడే మర్చిపోయింది. ఇంతకీ కట్టు విప్పారా?”

చంటి ఎదురుగా ఉన్న కారును చూశాడు. సీటు ఉండాల్సిన చోట ఖాళీ.

“బావా… అక్క ఎవరితో వెళ్ళింది?”

“పొద్దున్నే పరాచికాలా? చీకటితో వచ్చి గేటు దగ్గర హారను కొట్టావు. లోపలికి రావయ్యా అంటే కారులోంచే చెయ్యి ఊపావు. నువ్వు నిన్న అడిగావటగా, ‘రేపు కూడా నేనే తీసుకెళ్తాను, బావను రానివ్వకు’ అని…”

“అది నేను కాదు బావా!” చంటి అరిచేశాడు. “నిన్న కూడా నేను కాదు. నేను పారిపోయాను. అక్కను వదిలేసి పారిపోయాను!”

బావ పొడిగా అన్నాడు. “ఎవరండీ మీరు? మా చంటి ఫోను మీ దగ్గరికెలా వచ్చింది?”

ఫోను పెట్టేశాడు.

చంటి ఆసుపత్రికి చేశాడు. నర్సు సంతోషంగా చెప్పింది. కట్టు విప్పేశారట. చూపు చక్కగా వచ్చిందట. అప్పుడు తమ్ముడుగారు పక్కనే ఉన్నారట. ఇద్దరూ బయల్దేరి చాలాసేపయిందట.

మెకానిక్ చేతిలోంచి మోటారు సైకిలు లాక్కుని అక్క ఇంటి వైపు ఎలా వెళ్ళాడో చంటికే తెలియదు. వీధి మొగలో దిగి పరుగెత్తాడు. ఎండ బాగా కాస్తోంది. వీధిలో అరుగులు, అరుగుల మీద ఆరేసిన బట్టలు, కుళాయి దగ్గర బిందె నిండుతున్న చప్పుడు. అన్నీ మామూలుగా ఉన్నాయి. గేటు దగ్గరికి చేరేసరికి ఎదురు వైపు నుంచి అక్క నడిచి వస్తోంది. ఒక్కతే. కర్ర లేదు, తడుముకోవడం లేదు. నల్లద్దాలు తీసి చేత్తో పట్టుకుని, ఇళ్ళను, చెట్లను, ఆకాశాన్ని తనివితీరా చూసుకుంటూ వస్తోంది.

“అక్కా!”

ఆవిడ ఆగింది. చంటి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇక దాచలేదు. అంతా చెప్పేశాడు. పాత పంపు, కూనిరాగం, కుంగిన సీటు, ఊడిన చెప్పు, బంకులో టీ తాగుతూ ఎవరూ లేరన్న మాట… ఏడుస్తూ, ఎక్కిళ్ళు పెడుతూ, వీధిలో జనం చూస్తున్నా ఆగకుండా చెప్పాడు.

ఆవిడ శ్రద్ధగా వింది. అతని ముఖాన్ని పరీక్షగా చూసింది. ఆ కంటిలో మసక లేదు. జాలి ఉంది. కానీ అది దారినపోయేవాళ్ళ మీద పడే జాలి.

“పాపం, ఎవరో చాలా కష్టంలో ఉన్నట్టున్నారు,” అని మెల్లిగా చేతులు విడిపించుకుంది. “మీరు పొరబడ్డారండీ. మా తమ్ముడు ఇలా ఉండడు. కట్టు విప్పగానే ముందు చూసింది వాడి ముఖమే.”

వీధి మలుపులో కారు తలుపు వేసిన చప్పుడైంది. అడుగులు ఇటే వస్తున్నాయి. తొందరేమీ లేని అడుగులు. అటు చూడగానే అక్క ముఖం విప్పారింది.

చంటి తల తిప్పలేకపోయాడు.

గేటు కిర్రుమంది. బావ మోకాలి మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“రావయ్యా చంటీ, లోపలికి రా,” అన్నాడు నవ్వుతూ.

ఆయన చూపు చంటి మీద లేదు.